సృష్టిలెక్కలో మిగులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను భారతమును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు మొదట కోరిరి. భారతమును గూర్చి మాట్లాడువారికి మన భీమునిపట్నపు ప్రాంతమున కొరత లేదు. 2025వ సంవత్సరము జూలై మాసములో మన పఠనమందిరపు బల్లమీది పత్రికలలో ఒక చిన్న వార్త వచ్చెను. జెనీవా నగరము చెంత భూగర్భముననున్న ప్రయోగశాలలో, పదార్థమునకును ప్రతిపదార్థమునకును నడుమ ప్రకృతి చూపు పక్షపాతము ప్రోటాను జాతికణములలో గూడ మొదటిమారు కనబడినదని దాని సారాంశము. దానిని చదివిన చందాదారులు కొందరు, ప్రతిపదార్థమనగా నేమి, దాని గొడవ మనకెందుకు అని నన్నడిగిరి. ఈ ప్రసంగము వారికి ప్రత్యుత్తరము. లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఈ విషయము మొదటినుండి తుదిదాక లెక్కల విషయమే గనుక దీనిని గూర్చి మాట్లాడుటకు నాకును కొంత హక్కు కలదని తలంచెదను.

1928లో ఇంగ్లండుదేశమున పాల్ డిరాక్ అను యువకుడు ఎలక్ట్రాను నడవడిని వర్ణించు సమీకరణము నొకదానిని కనుగొనెను. నాలుగునకు వర్గమూలము తీసిన ధన రెండును, ఋణ రెండును వచ్చునట్లు, ఆ సమీకరణమునకు రెండు విధముల సమాధానములు వచ్చినవి. మొదటిది మనమెరిగిన ఎలక్ట్రాను. రెండవది బరువునందు దానితో సమానము, విద్యుదావేశమునందు మాత్రము దానికి విపరీతము. అక్కరలేని సమాధానమును కొట్టివేయుట విద్యార్థులకు అలవాటు. డిరాక్ కొట్టివేయలేదు. అట్టి కణము ప్రకృతిలో నుండవలెనని 1931లో ప్రకటించెను. మరుసటి యేడే అమెరికాలో కార్ల్ ఆండర్సన్ అంతరిక్షమునుండి వచ్చు కిరణములలో దాని జాడను ఛాయాచిత్రమున పట్టెను. దానికి పాజిట్రాను అని పేరు. 1955లో ప్రోటానునకును అట్టి ప్రతికణము దొరికినది. ప్రతి కణమునకును ఒక ప్రతికణము కలదని నేడు నిశ్చితము. ఆవేశము లేని కొన్ని కణములకు మాత్రము తామే తమ ప్రతికణములు.

ఆదిపర్వములోని సుందోపసుందుల కథ మీరెరుగుదురు. రూపబలములలో ఒకరికొకరు తీసిపోని అన్నదమ్ములు. ఇతరులవలన వారికి చావు లేదు, ఒకరివలన ఒకరికే చావు. తిలోత్తమ నడుమ వచ్చినది, ఇద్దరిలో ఒక్కడును మిగులలేదు. కణ ప్రతికణములకు తిలోత్తమ గూడ అక్కరలేదు. ఎలక్ట్రానునకు పాజిట్రాను ఎదురుపడిన చాలును, రెండును నశించి కాంతిగా మారును. ఒక గ్రాము పదార్థమును ఒక గ్రాము ప్రతిపదార్థమును ఇట్లు నశించినచో వెలువడు శక్తి, విద్యుత్తు లెక్కలో సుమారు 5 కోట్ల యూనిట్లు.

ఇది ఎక్కడనో జరుగు వింత యనుకొనరాదు. అరటిపండులోని పొటాషియము పరమాణువులలో బహు కొద్దివి సహజముగా క్షీణించుచు, గంటకో రెండు గంటలకో ఒక పాజిట్రానును విడుచును. ఈ సభలో కూర్చున్న ప్రతివారి దేహమునందును దినమునకు కొన్నివేల పాజిట్రానులు పుట్టి గిట్టుచున్నవి. క్యాన్సరు రోగులకు పెద్ద ఆసుపత్రులలో చేయు పెట్ స్కాను అను పరీక్షలో, పాజిట్రానులను విడుచు మందును నరములోనికెక్కించి, అవి నశించునపుడు వెడలు కిరణములనుబట్టి వ్యాధిస్థానమును గుర్తింతురు. ప్రతిపదార్థము క్రిందికి పడక పైకెగురునేమో యని వేడుకగా ఊహించినవారును కలరు. 2023లో జెనీవా ప్రయోగశాలలో ప్రతిహైడ్రోజనును విడిచి చూడగా, అదియు మామిడికాయవలెనే క్రిందికి పడినది.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. కణాదమహర్షి పరమాణువులను గూర్చి చెప్పెను గనుక ఇదంతయు మనవారికి పూర్వమే తెలియునని కొందరు సభలలో పలుకుదురు. కణాదునియందు నాకు భక్తి కలదు. కాని ఆయన చేయని పనిని ఆయన ఖాతాలో జమకట్టుట ఆయనకు గౌరవము కాదు.

ఇక లెక్కకు వత్తము. విశ్వము సుమారు 1,380 కోట్ల సంవత్సరముల క్రిందట మహోష్ణస్థితినుండి విస్తరింప నారంభించినదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ వేడిలో కణములును ప్రతికణములును జంటలుగా పుట్టుచు, జంటలుగా నశించుచు నుండెను. శక్తినుండి కణములు పుట్టుటను ప్రయోగశాలలలో నేటికిని చూచుచున్నారు. క్వార్కు పుట్టిన దానివెంట ప్రతిక్వార్కును పుట్టును, ఎలక్ట్రాను పుట్టిన ప్రతికణమొకటి వెంటనుండును. ప్రతి జమకును సరిగా ఒక ఖర్చు. ఈ పద్ధతినే ఆదినుండి లెక్క నడచియుండిన, విశ్వము చల్లబడిన పిదప జంటలన్నియు చెల్లిపోయి శేషము సున్న కావలెను. కాంతి తప్ప చెప్పుకొనదగినదేదియు మిగులరాదు. గోస్తనీనది యుండరాదు, పావురాళ్ళకొండ యుండరాదు, ఈ గ్రంథాలయమును దాని చందా బకాయిలును ఉండరాదు.

అయినను మిగిలినది. ఎంత మిగిలినదో గూడ తెలిసినది. నేడు విశ్వములో ప్రోటాను, న్యూట్రాను ఒక్కొక్కదానికి సుమారు 160 కోట్ల కాంతికణములు కలవు. ఆ మహాసంహారపు చితిలో మిగిలిన వెలుగు అది. దీనినిబట్టి గణింపగా, ఆదిలో నూరుకోట్ల ప్రతికణములకు నూరుకోట్ల ఒక్క కణము చొప్పున నుండెనని స్థూలముగా తేలుచున్నది. నూరుకోట్లును నూరుకోట్లతో చెల్లిపోయినవి. మిగిలిన ఆ ఒక్కటియే సూర్యుడు, సముద్రము, మనము.

దూరపు నక్షత్రకూటములు ప్రతిపదార్థముతో నిండియుండరాదా, అప్పుడు లెక్క సరిపోవును గదా యని మీరడుగవచ్చును. మంచి ప్రశ్న. అట్లైనచో పదార్థ రాజ్యమునకును ప్రతిపదార్థ రాజ్యమునకును ఎచ్చటనో పొలిమేర యుండవలెను. ఆ పొలిమేరపై నిరంతరము సంహారము జరిగి గామాకిరణములు వెలుగవలెను. అట్టి వెలుగు కానరాలేదు.

జమాబందీలో లెక్కలు చూపినవారికి ఒక సంగతి తెలియును. తరుగు వచ్చిన లెక్కకన్న, కారణము చెప్పలేని మిగులు వచ్చిన లెక్క అధికారికి ఎక్కువ అనుమానము కలిగించును. తరుగునకు దొంగ యుండవచ్చును. మిగులు వచ్చినదనగా లెక్క నడచిన పద్ధతిలోనే ఏదో యున్నదన్నమాట. 1967లో సోవియట్ రష్యాలో ఆంద్రే సఖారోవ్ అను శాస్త్రజ్ఞుడు సరిగా ఇట్టి తనిఖీయే చేసి, సున్ననుండి మిగులు పుట్టుటకు మూడు షరతులు వ్రాసెను. ప్రోటాను జాతికణముల మొత్తము మారుటకు ప్రకృతిలో వీలుండవలెను. ప్రకృతి కణమును ప్రతికణమును ఒకే కంటితో చూడకుండవలెను. ఈ కార్యము విశ్వము సమతాస్థితి తప్పిన తరుణమున జరుగవలెను. మొదటిదానిని, మూడవదానిని ఈ సాయంకాలమునకు విడిచిపెట్టుదును. నడిమిదాని మాటయే మన విషయము. ఆ పక్షపాతమును మనుష్యులు మొదట కన్నులార చూచినది మెసానులయందే.

పక్షపాతమునకు నెలవు దుర్బలబలమను పేరుగల ప్రకృతిబలము. రేడియోధార్మిక పరమాణువులనుండి బీటాకిరణములు వెడలునది దీనిచేతనే. ఈ బీటాకిరణములు మన విశాఖపట్నమునకు క్రొత్త కావు. భీమవరము చెంత గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించి, సన్న్యసించి, పిమ్మట ఐరోపాకు పోయి భౌతికశాస్త్రము నభ్యసించిన స్వామి జ్ఞానానందులు 1950 దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు న్యూక్లియర్ భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. బీటాకిరణముల శక్తిని సూక్ష్మముగా కొలుచుట వారి పరిశోధనలలో ముఖ్యమైనది. నేటికిని అచ్చటి పరిశోధనాలయము వారి పేరనే యున్నది. కాషాయము కట్టినవాడు కేంద్రకశాస్త్రము చెప్పుట కొందరికి వింతగా తోచును. నాకు తోచదు.

వారు విశాఖలో శాఖను నడుపుచున్న ఆ దశకముననే దుర్బలబలపు గుట్టు బయటపడినది. ఈ బలము కుడి యెడమలను సమానముగా చూడకపోవచ్చునని 1956లో లీ, యాంగ్ అనువారు సందేహించిరి. మరుసటి యేటి ఆరంభమున వూ అను విదుషీమణి కోబాల్టుతో చేసిన ప్రయోగమున అది నిజమని తేలినది. కుడి యెడమలను మార్చుటతోబాటు కణమును ప్రతికణముగా గూడ మార్చినచో సమత్వము నిలుచునులెమ్మని పండితులు ఊరడిల్లిరి. ఆ ఊరట ఏడేండ్లు మాత్రము నిలిచినది.

దానిని చెరచినది కె–మెసాను. ప్రోటానులో మూడు క్వార్కులుండును. మెసానులో ఒక క్వార్కును ఒక ప్రతిక్వార్కును కలసియుండును. విద్యుదావేశము లేని కె–మెసానునకు ప్రతికణము వేరుగా కలదు. అయినను దుర్బలబలము ఒకదానిని రెండవదానిగా మార్చును, మరల వెనుకకును మార్చును. కనుక అది ఎగురుచున్నంతసేపు కె–మెసానా, ప్రతి కె–మెసానా యన్న ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. రెండును ఒక్కటిలో మిశ్రమమైయున్నవి. సింహాచలమున వెలసినది వరాహమూర్తియా, నరసింహమూర్తియా యని అడిగిన మనమేమందుము? వరాహనరసింహుడందుము. ఏడాది పొడుగునను చందనపు పూతలోనుండు ఆ స్వామి నిజరూపము అక్షయతృతీయనాడే కానవచ్చునట్లు, మెసాను నిజరూపము అది క్షీణించు క్షణమున, వెడలిన కణములనుబట్టియే తెలియును. పోలిక ఇంతవరకే. దీనిని ముందునకు లాగిన శాస్త్రమునకును దేవునికిని అపచారము.

ఈ మిశ్రమ రూపములు రెండు కలవు. ఒకటి అల్పాయువు, రెండవది దానికి సుమారు 570 రెట్ల దీర్ఘాయువు. ప్రకృతికి పక్షపాతము లేకుండినచో దీర్ఘాయువైనది ఎన్నడును రెండు పయానులుగా క్షీణింపరాదు. 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ మరి యిద్దరు సహచరులతో కలసి దీనిని పరీక్షించిరి. సుమారు 22,700 క్షీణతలను పరిశీలింపగా, జరుగరానిది 45 మారులు జరిగినది. వేయికి రెండు! మనవంటివారు చిల్లర తేడాయని విడిచిపెట్టుదురు. వారు విడువలేదు. క్రోనిన్, ఫిచ్‌లకు 1980లో నోబెలు బహుమానము వచ్చినది.

ఈ చిల్లర తేడా ఎంతటిదో ఒక ఉదాహరణమున చెప్పెదను. ఆకాశమున అతిదూరమునగల లోకమొకదానిలో మనవంటివారు కలరనుకొందము. వారితో మాటలు నడపవచ్చును, వస్తువు నంపరాదు. వారి లోకము పదార్థమయమో ప్రతిపదార్థమయమో తెలిసికొనకుండ వారిని కౌగిలించుకొనుట సుందోపసుందుల కలయిక యగును. మీ పరమాణువు చుట్టు తిరుగు కణము ధనమా ఋణమా యని అడిగిన ప్రయోజనము లేదు. మనము ఋణమన్నది వారు ధనమనవచ్చును, పేరు పెట్టినవారి యిష్టము. కాని కె–మెసాను సాక్ష్యము చెప్పును. దీర్ఘాయువు కె–మెసానుల క్షీణతలలో ఎలక్ట్రానును గాని పాజిట్రానును గాని విడుచువానిని రెండు లక్షలు లెక్కించినచో, పాజిట్రానులు సుమారు 1,00,330, ఎలక్ట్రానులు 99,670 ఉండును. 'మీ పరమాణువు చుట్టు తిరుగునది ఈ లెక్కలో ఎక్కువ వచ్చునదా, తక్కువ వచ్చునదా?' యని అడిగిన చాలును. తక్కువ వచ్చునదియే యన్నచో వారు మనవారు, రమ్మనవచ్చును. లోకములో పేర్లను బట్టి గాక వస్తువును బట్టి పదార్థమును ప్రతిపదార్థమును వేరుచేయు గుర్తు మొదట దొరికినది ఇచ్చటనే.

మిశ్రమములో పక్షపాతమన నేమో ఇపుడు మీకు తేటపడును. అప్పిచ్చునపుడు చిన్న కుంచముతోను, వసూలు చేయునపుడు పెద్ద కుంచముతోను ధాన్యము కొలుచు వ్యాపారులను మన పెద్దలెరుగుదురు. కణము ప్రతికణముగా మారు జోరును, ప్రతికణము కణముగా మారు జోరును ఒకటే కావలెను. కాకున్న ప్రకృతివద్ద రెండు కుంచములున్నవన్నమాట.

రెండు కుంచము లేల యన్నదానికి 1973లో జపానులో కొబయాషి, మస్కావా అనువారు కారణము చెప్పిరి. క్వార్కులు మూడే తెలిసిన ఆ దినములలో, ఆరు జాతులుండినచో ఈ పక్షపాతము సహజముగా వచ్చునని వ్రాసిరి. నాలుగవది 1974లోను, అయిదవది 1977లోను, ఆరవది 1995లోను దొరికినవి. అయిదవ క్వార్కుగల బి–మెసానులలో పక్షపాతము పెద్దదిగా కనబడవలెనన్న మాటయు 2001లో జపానునందును అమెరికాయందును ఋజువైనది. 2008లో వారికి నోబెలు వచ్చినది.

ఇంతటితో కథ ముగిసినచో నేను మీ సమయమును తీసికొనకపోదును. చిక్కు ఇది: కొబయాషి మస్కావాల పక్షపాతము సృష్టిలోని మిగులునకు చాలదు. చాలదనగా పాతికయో పరకయో తక్కువ కాదు, కోటానుకోట్ల వంతులు తక్కువ. వడ్డీ వ్యాపారి కుంచముల తేడా దొరికినది గాని, ఆ తేడాతో వాడు కట్టిన మేడకు ఒక్క ఇటుకయు రాదు. మేడ కన్నులయెదుట నున్నది! కనుక ఎచ్చటనో వేరొక కుంచమున్నది.

దానిని వెదకుటకు మెసానులకన్న మంచి చోటు లేదని శాస్త్రజ్ఞుల విశ్వాసము, ఆ విశ్వాసమునకు పూర్వానుభవమే ఆధారము. ఇంటికి వచ్చిన చుట్టమును మీరు చూడకపోయినను, గాదెలోని బియ్యము తగ్గిన జోరునుబట్టి ఎవరో వచ్చియున్నారని చెప్పవచ్చును. మెసాను ప్రతిమెసానుగా మారునపుడు, మన యంత్రములలో పుట్టలేనంత బరువైన కణములు గూడ క్షణలేశము తెరచాటున వచ్చిపోవుచుండును. కె–మెసానుల మిశ్రమపు జోరునుబట్టి నాలుగవ క్వార్కు ఎంత బరువుండవలెనో అది దొరకకమునుపే గణించిరి. 1987లో జర్మనీలో బి–మెసానుల మిశ్రమము అనుకొన్నదానికన్న జోరుగా జరుగుట చూచి, ఆరవ క్వార్కు చాల బరువైనదని గ్రహించిరి. రెండు మారులును గాదె నిజము చెప్పినది.

ఇక మూడవమారు. 1970 దశకమునుండి శాస్త్రజ్ఞులలో అతిసౌష్ఠవమను సిద్ధాంతము పెరుగుచు వచ్చినది. సూపర్ సిమెట్రీ యని దాని ఆంగ్లనామము. కణములు రెండు కులములు. ఎలక్ట్రాను, క్వార్కుల వంటివి పదార్థమును కట్టును. కాంతికణము వంటివి బలములను మోయును. మొదటి కులములోని ప్రతి కణమునకు రెండవ కులములో ఒక జంటకణము, రెండవదానిలోని ప్రతిదానికి మొదటిలో ఒక జంటకణము కలవని ఈ సిద్ధాంతము చెప్పును. ప్రతికణము వేరు, ఈ జంటకణము వేరు. గణితమునందు ఇది బహు సుందరము. కాని ఒక యిబ్బంది కలదు. ఈ జంటలు కనబడలేదు గనుక అవి బరువైనవని అనుకొనవలెను, ఎంత బరువో, ఒకదానితో నొకటి ఎట్లు కలియునో చెప్పుటకు దీని సామాన్యరూపమున గూడ నూరునకు పైగా క్రొత్త సంఖ్యలు కావలెను. వానిలో ఎన్నో పక్షపాతము పుట్టింపగలవి. మిగులునకు కారణము వెదకువారికి ఇది కల్పవృక్షము. కాని కల్పవృక్షముతోనే చిక్కు గూడ కలదు, కోరినదెల్ల యిచ్చునది దేనికి సాక్ష్యము? ఆ సంఖ్యలు ఇష్టమువచ్చినట్లున్నచో కె–మెసానుల మిశ్రమము నేడు కొలిచినదానికన్న ఎంతో జోరుగా జరుగవలెను. జరుగుట లేదు. కనుక ఆ జంటకణములు మిక్కిలి బరువైనవియో, ఒక పద్ధతికి కట్టుబడినవియో కావలెను. సిద్ధాంతకర్తలు ఎన్నో యంత్రములకన్న ముందుగా ఈ చిన్న మెసానునకు సమాధానము చెప్పుకొనవలసివచ్చినది.

2010 మే మాసములో అమెరికాలోని ఫెర్మి ప్రయోగశాలనుండి ఒక వార్త వచ్చినది. అచ్చట టెవట్రాన్ అను యంత్రము 6 కిలోమీటర్లకు పైబడిన చుట్టుకొలతగల వలయములో ప్రోటానులను, ప్రతిప్రోటానులను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించుచుండెను. పదార్థము ఎంతో ప్రతిపదార్థమును అంతయే, తనిఖీకి ఇంతకన్న నిష్పక్షపాతమైన చోటు లేదు. డి–జీరో అను పరిశోధకబృందము మ్యూయానుల జంటలను లెక్కించెను. ఇందులో ముంబయి టాటా సంస్థవారును, ఢిల్లీ, పంజాబు విశ్వవిద్యాలయములవారును పాల్గొనిరి. బి–మెసానును ప్రతి బి–మెసానును కలసి పుట్టినపుడు సాధారణముగా ఒకటి ధనమ్యూయానును, రెండవది ఋణమ్యూయానును విడుచును. నడుమ ఒకటి వేషము మార్చినచో రెండును ధనములో, రెండును ఋణములో అగును. ఈ వేషము మార్చుటలో ఒక జాతి బి–మెసాను జోరు ఊహకందదు. సెకనునకు సుమారు 3 లక్షల కోట్ల మారులు అది అటునిటు తిరుగును, దాని ఆయుర్దాయమున నాలుగు తిరుగుళ్ళు మాత్రము పట్టును.

కుంచములు రెండును ఒకటైనచో ధనద్వయములును ఋణద్వయములును సమానము కావలెను. కొబయాషి మస్కావాల లెక్కప్రకారము పదివేలకు రెండు మూడు తేడా రావచ్చును. డి–జీరోవారికి నూటికి దాదాపు ఒకటి వచ్చినది. అనుకొన్నదానికి సుమారు నలువది రెట్లు, అదియు పదార్థము వైపే మొగ్గు!

వారు తక్కెడను నమ్మి ఊరకుండలేదు. తూకముపై సందేహమున్న కోమటి సరుకును ఆ తట్టనుండి ఈ తట్టకు మార్చి తూచును. డి–జీరోవారు తమ అయస్కాంతముల దిశను తరచుగా తారుమారు చేయుచు వచ్చిరి. అందుచేత యంత్రపు వంకర ధనమునకు ఎంతయో ఋణమునకును అంతయే పడి చాలవరకు చెల్లిపోవును. ఇంతచేసినను మిగులు నిలిచినది. 2011లో మరింత సామగ్రితో లెక్కింపగా అనుమానము బలపడినది గాని, క్రొత్తది కనుగొంటిమని చెప్పుటకు శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న గీటును దాటలేదు. ఆ గీటు కఠినమైనది. కేవలము అదృష్టమువలన అట్టి ఫలితము వచ్చు అవకాశము 35 లక్షలలో ఒకటికి మించరాదు. ఈ నియమము మన పంచాయితీలలో నున్నచో సగము వ్యాజ్యములు పుట్టకమునుపే చచ్చును.

అతిసౌష్ఠవవాదులకు అది పండుగ. మా జంటకణములు తెరచాటునుండి బి–మెసానుల కుంచము మార్చుచున్నవని పత్రములు వెలువడినవి. సృష్టిలోని మిగులునకు తాళపుచెవి దొరికినదని వార్తాపత్రికలు వ్రాసినవి. వ్రాయకుండిన బాగుండెడిది. మొదటి నివేదికలోని సంఖ్య తుది సంఖ్య కాదని లెక్కలలోనున్నవారెవరైనను చెప్పుదురు.

టెవట్రాన్ 2011 సెప్టెంబరు 30న మూతపడినది. అప్పటికే జెనీవాలో 27 కిలోమీటర్ల వలయములో మరింత పెద్ద యంత్రము పనిచేయుచుండెను. దానిపై బి–మెసానులకొరకే కట్టిన ఎల్‌హెచ్‌సి–బి అను బృందము అదే ప్రశ్నను వేరొక దారిని అడిగెను. రెండు జాతుల బి–మెసానులను విడివిడిగా కొలిచినపుడు ఒక్కదానియందును ఆ పెద్ద మిగులు కనబడలేదు. 2016లో వెలువడిన వారి ఫలితము పొరపాటు హద్దులలో సున్నతో సరిపోయినది. డి–జీరోవారి పద్దు మాత్రము ఎవరును తప్పిది యని వ్రేలుపెట్టి చూపలేకపోయినదిగా పుస్తకములో నిలిచియున్నది. అతిసౌష్ఠవమునకు వేరొక దెబ్బయు తగిలినది. ఒక బి–మెసాను రెండు మ్యూయానులుగా విడిపోవుట బహు అరుదు, ఆ సిద్ధాంతపు కొన్ని రూపముల ప్రకారము అది పదింతలు తరచుగా జరుగవలెను. జెనీవాలోని రెండు బృందములు కలసి 2015లో ప్రకటించిన లెక్కలో నూరుకోట్లకు సుమారు మూడు తేలినవి, పాత సిద్ధాంతము చెప్పినంతయే. జంటకణము లొక్కటియు నేటివరకు యంత్రమున దొరకలేదు. సిద్ధాంతము చచ్చినదని నేననను. దాని సౌందర్యము దానికి సాక్ష్యము కాదని మాత్రమే యందును.

మొదట చెప్పిన 2025 నాటి వార్తకు ఇపుడు చోటు దొరికినది. అదే ఎల్‌హెచ్‌సి–బి బృందము మూడు క్వార్కులుగల ఒక కణపు క్షీణతలను, దాని ప్రతికణపు క్షీణతలను సరిపోల్చి, నూటికి సుమారు రెండున్నర తేడా కనిపెట్టినది. ఈమారు గీటును దాటినది. మెసానులలో అరువది యేండ్లనుండి చూచుచున్న పక్షపాతము, మన శరీరములను కట్టిన ప్రోటాను జాతిలో గూడ ఋజువైనదన్నమాట. ఇది పెద్ద సంగతియే. కాని ఇదియు కొబయాషి మస్కావాల పాత కుంచములోనిదే కావచ్చునని వారే చెప్పుచున్నారు. మేడ కట్టిన సొమ్ము ఇంకను తేలలేదు. న్యూట్రినోలను వెదకవలెనని కొందరందురు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

ఈ వెదకులాటలో మన తెలుగునేల చేయియు కలదు. జపానులో సుకుబా నగరమున బెల్–2 అను ప్రయోగము 2018 నుండి ఎలక్ట్రానులను పాజిట్రానులతో ఢీకొట్టించి, బి–మెసానుల జంటలను రాసులుగా పుట్టించుచున్నది. సంగారెడ్డి జిల్లా కందిలోనున్న హైదరాబాదు ఐఐటివారు అందులో భాగస్వాములు. ఆ యంత్రగర్భమున మెసానులు పుట్టిన చోటును గుర్తించు సిలికాను పొరలలో నాలుగవదానిని టాటా సంస్థవారు తయారుచేసిరి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున బి–మెసానుల పక్షపాతమును గూర్చిన సిద్ధాంతకృషి చాలకాలముగా సాగుచున్నది. మన యూరి పిల్లవాడు ఆ లెక్కలలో నొక పంక్తి వ్రాయుటకు, పదవతరగతి భౌతికశాస్త్రము శ్రద్ధగా చదువుట తప్ప మొదట వేరే అర్హత అక్కరలేదు. బీరువాలో ఆ పుస్తకములు కలవు, పుటలు కోసి చదివినవారు తక్కువ.

నేను చెప్పిన సంఖ్యలన్నింటిని ఒక కాగితముపై వ్రాసి పఠనమందిరపు బల్లమీద ఉంచినాను. సందేహము కలవారు సరిచూచుకొనవచ్చును.  ఇక హరికథకు వేళయైనది, సెలవు.